తుంటి నొప్పులన్నీ డిస్కు నొప్పులు కావు

రెండు సంవత్సరాల క్రిందట, నా డెబ్బయి రెండవ ఏట, బంధువుల ఇంట వివాహానికి హైదరాబాదు నుండి విజయవాడకు కారులో వెళ్ళాను. దారిలో కాఫీకి ఒకసారి ఆగడం తప్ప ఐదు గంటలూ కూర్చొనే ఉన్నాను. కల్యాణమండపం ముందు దిగి కుడికాలు నేలపై మోపగానే పిరుదు లోతులో మొదలైన నొప్పి తొడ వెనుకగా పిక్క వరకు జివ్వున లాగింది. కారు తలుపు పట్టుకొని నిలబడిపోయాను. "ఏం బావా, డాక్టర్లకు కూడా కాళ్ళు పట్టేస్తాయా?" అని మా బావమరిది హాస్యమాడాడు. నేనూ నవ్వాను. కాని నా మనస్సులో అప్పటికే రోగనిర్ణయం జరిగిపోయింది. డిస్కు జారింది, ఈ వయస్సులో ఇక శస్త్రచికిత్స బల్ల ఎక్కవలసిందేనేమో అనుకొన్నాను.

ఆ నిర్ణయం తప్పు. దాని వలన నాలుగు నెలలు అనవసరంగా బాధపడ్డాను. నా ఉద్యోగకాలంలో అదే తప్పు మరొకరికి అంతకంటె పెద్ద నష్టం కలిగించి ఉండవచ్చును. ఆ సంగతి కూడా ఈ వ్యాసంలో దాచకుండా చెబుతాను.

పిరుదులో పుట్టి కాలికి దిగే నొప్పిని మనవారు రకరకాలుగా చెబుతారు. "తుంటి పట్టేసింది" అంటారు, "నరం లాగుతోంది" అంటారు, "వాతం దిగింది" అంటారు. ఆయుర్వేదంలో దీనికి గృధ్రసి అని పేరు. గృధ్రం అంటే రాబందు. రోగి ఒక కాలు ఈడుస్తూ వంగి నడిచే తీరు ఆ పక్షి నడకను తలపిస్తుందని అలా పిలిచారు. ఆధునిక వైద్యంలో సయాటికా అంటాము. పాఠకులు ఒక విషయం మొదటనే గ్రహించాలి. సయాటికా అనేది వ్యాధి పేరు కాదు, లక్షణం పేరు. జ్వరం వంటిదే అది. జ్వరం అనగానే ఏ జ్వరం, ఎందుకు వచ్చింది అని అడుగుతాము కదా! సయాటికా అన్నపుడు మాత్రం ఆ ప్రశ్నను రోగి అడగడు, చాలాసార్లు వైద్యుడూ అడగడు.

మన శరీరంలోని నరాలన్నింటిలో లావైనది తుంటి నరం. నడుము క్రిందిభాగపు పూసల మధ్య నుండి, వాటి దిగువనున్న త్రికాస్థి రంధ్రాల నుండి వెలువడే నరాల మూలాలు కొన్ని కలిసి ఇది ఏర్పడుతుంది. మొదట్లో దాని వెడల్పు ఇంచుమించు బొటనవ్రేలంత ఉంటుంది. కటివలయంలో నుండి పిరుదులోకి వచ్చి, తొడ వెనుకభాగంలో దిగి, మోకాలికి కొంచెం పైన రెండుగా చీలి పాదం వరకు పోతుంది. ఈ దారిలో ఎక్కడ ఒత్తిడి కలిగినా బాధ మాత్రం దిగువ నరం పొడవునా తెలుస్తుంది. వీధి చివర తీగ తెగితే ఇంట్లో దీపం ఆరిపోయినట్లు, చెడిన చోటు ఒకటి, తెలిసే చోటు మరొకటి.

పిరుదు అనగానే పైనున్న పెద్ద కండరమే అందరికీ స్ఫురిస్తుంది. దాని అడుగున, బాగా లోతులో, చిన్న కండరం ఒకటి అడ్డంగా ఉన్నది. త్రికాస్థి ముందుభాగం నుండి బయలుదేరి, కటివలయపు ఎముకల మధ్యనున్న పెద్ద ఖాళీ గుండా వెలుపలికి వచ్చి, తొడ ఎముక పైకొసన బయటివైపుకు పొడుచుకొని ఉండే గడ్డకు అంటుకొంటుంది. ఆకారం బేరిపండు వలె ఉంటుందని లాటిను భాషలో దానిని పిరిఫార్మిస్ అన్నారు. నిలబడి ఉన్నపుడు తొడను బయటివైపుకు త్రిప్పడం, కూర్చొని ఉన్నపుడు తొడను ప్రక్కకు జరపడం దాని పనులు. కారు దిగేటపుడు ముందుగా ఒక కాలు బయట పెడతామే, ఆ కదలికలో దీనికి పాత్ర ఉన్నది. నాకు నొప్పి సరిగ్గా కారు దిగేటపుడే తెలియడం కాకతాళీయం కాదని తరువాత అర్థమైంది.

తుంటి నరం సాధారణంగా ఈ కండరం క్రిందుగా వెలుపలికి వస్తుంది. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఇదే అమరిక. మిగిలినవారిలో నరం ముందుగానే రెండు పాయలై, ఒక పాయ కండరాన్ని చీల్చుకొని రావడమో, కండరం పైనుండి రావడమో జరుగుతుంది. బీటన్, యాన్సన్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు 1937లోనే ఈ అమరికలను వర్గీకరించారు. అమరిక ఏదైనా, కండరానికి నరానికి మధ్య ఎడం బహు తక్కువ. కండరం బిగిసినా, దెబ్బ తగిలి వాచినా, ఎక్కువసేపు నలిగినా ప్రక్కనున్న నరం మండిపడుతుంది.

ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరంలో శవపరిచ్ఛేదం చేయిస్తూ మా అధ్యాపకుడు ఈ కండరాన్ని పట్టకారుతో పైకెత్తి, "దీనిని గుర్తుపట్టండి, పిరుదులో మిగిలినవన్నీ వాటంతట అవే దొరుకుతాయి" అన్నారు. పరీక్షలో ఆ మాట పనికివచ్చింది. ఆ తరువాత ముప్పయి రెండేళ్ళ ప్రభుత్వ ఉద్యోగంలో ఆ కండరాన్ని నేను తలచుకొన్న రోజు లేదు.

ఈ మరపు నా ఒక్కడిదే కాదు. 1928లో యోమన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో సయాటికాకు, పిరిఫార్మిస్ కండరానికి, దానిని ఆనుకొని ఉండే త్రికాస్థి కీలుకు సంబంధం ఉన్నదని వ్రాశాడు. ఆరేళ్ళు తిరగకుండానే, 1934లో, బోస్టన్ నగరానికి చెందిన మిక్స్టర్, బార్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు వెన్నుపూసల మధ్యనుండే డిస్కు చిట్లి నరం మూలాన్ని నొక్కడం వలన సయాటికా వస్తుందని చూపించారు. అది గొప్ప ఆవిష్కారం, సందేహం లేదు. కాలికి దిగే నొప్పులలో ఎక్కువవాటికి నేటికీ నడుములోని కారణాలే ముఖ్యం. కాని ఆ వెలుగులో మిగిలిన కారణాలు కంటికి ఆనకుండా పోయాయి. 1947లో రాబిన్సన్ అనే వైద్యుడు పిరిఫార్మిస్ సిండ్రోమ్ అని పేరు పెట్టి లక్షణాలను వివరించినా, 1970లలో నేను చదివిన పుస్తకాలలో డిస్కుకు ఒక అధ్యాయం ఉంటే దీనికి ఒక వాక్యం ఉండేది. ఇప్పటికీ దీని విషయమై వైద్యులలో వాదోపవాదాలు ఉన్నాయి. ఇది చాలా అరుదని కొందరు, గుర్తించకపోవడం వలననే అరుదుగా కనిపిస్తున్నదని కొందరు అంటారు. పిరుదు లోతులో తుంటి నరాన్ని బాధించగల ఇతర కండరాలు, పీచుపట్టీలు కూడా ఉన్నందున ఈమధ్య నిపుణులు వీటన్నిటినీ కలిపి డీప్ గ్లూటియల్ సిండ్రోమ్ అంటున్నారు. పేరు ఏదైనా నొప్పి నొప్పే.

నా కథకు వస్తాను. పెళ్ళి నుండి తిరిగివచ్చిన వారానికే ఎం.ఆర్.ఐ. తీయించుకొన్నాను. నడుములో నాలుగు, అయిదు పూసల మధ్య డిస్కు ఉబ్బి ఉన్నదని నివేదిక వచ్చింది. 'నేను అనుకొన్నదే' అని ఇంచుమించు సంతోషించాను. వైద్యులకు తమ ఊహ నిజమైతే తమ జబ్బు కూడా సంతోషమే! కాని నాకు తెలిసిన ఒక పరిశోధనను అపుడు కావాలని మరచిపోయాను. నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసి చూసిన ఆ పరిశోధన 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. వారిలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉన్నది. 27 శాతం మందికి డిస్కు పొడుచుకొని వచ్చి ఉన్నది. అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవారు 36 శాతమే. నొప్పి లేనివారి సంగతే ఇది! డెబ్బయి దాటిన వాడి నడుములో ఉబ్బిన డిస్కు కనిపించడం తలలో తెల్లవెంట్రుక కనిపించడం వంటిది. తెల్లవెంట్రుకను చూపించి తలనొప్పికి కారణం ఇదే అంటే ఎవరైనా ఒప్పుకొంటారా?

నేను ఒప్పుకొన్నాను. నడుముకు బెల్టు కట్టుకొన్నాను. నరాల నొప్పికి వాడే మాత్రలు వేసుకొని తల తిరిగి ఒకసారి స్నానాలగదిలో పడబోయాను. తగ్గకపోతే ఆపరేషను సంగతి ఆలోచిద్దామన్నారు. ఆ నాలుగు నెలలూ ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు చెక్క కుర్చీలో కూర్చొని వ్రాసుకొంటూనే ఉన్నాను. కూర్చొన్న పావుగంటకు కుడి పిరుదులో సలుపు మొదలయ్యేది. లేచి వరండాలో నాలుగుసార్లు తిరిగితే నెమ్మదించేది. డాక్టరునై ఉండి ఆ రెండు వాక్యాలలో ఉన్న అర్థాన్ని చదువుకోలేకపోయాను.

చివరకు మా కోడలు పట్టుబట్టి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు తీసుకొని వెళ్ళింది. ముప్పయ్యేళ్ళు కూడా ఉండని అమ్మాయి. నా ఫైలు అందివ్వబోతే, "అది తరువాత చూస్తాను సార్, ముందు మీరు చెప్పండి" అన్నది. ఎపుడు ఎక్కువ అవుతుంది? దగ్గినపుడు, తుమ్మినపుడు కాలిలోకి లాగుతుందా? మంచం మీద ప్రక్కకు తిరిగితే? మెట్లు ఎక్కితే? నాలుగు నెలలలో ఈ ప్రశ్నలు నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుగుకోలేదు. దగ్గితే ఏమీ లేదన్నాను. కూర్చుంటేనే ఎక్కువన్నాను.

వెల్లకిల పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కుడికాలు మెల్లగా పైకెత్తింది. డిస్కు నరం మూలాన్ని నొక్కుతున్నపుడు సాధారణంగా ముప్పయి, డెబ్బయి డిగ్రీల మధ్యలో నొప్పి మోకాలు దాటి క్రిందికి దిగుతుంది. నాకు పిరుదులో బిగుతు తప్ప మరేమీ తెలియలేదు. మడమ వెనుక సుత్తితో తట్టింది, పాదం మామూలుగానే కదిలింది. కాలి బొటనవ్రేలిని పైకెత్తమని తన వ్రేలితో అదిమి చూసింది, బలం తగ్గలేదు. తరువాత నన్ను ఎడమ ప్రక్కకు త్రిప్పి, కుడి తొడను ముందుకు వంచి, మోకాలు మడిచి, ఆ మోకాలిని బల్లవైపుకు అదిమింది. "అమ్మా!" అని అరిచాను. నాలుగు నెలలుగా నన్ను వేధిస్తున్న నొప్పి అచ్చంగా అదే. ఆపై త్రికాస్థికి, తుంటి గడ్డకు మధ్య ఒక చోట బొటనవ్రేలితో నొక్కింది. రెండవసారి అరవడానికి సిగ్గుపడి పళ్ళు బిగించాను.

"సార్, మీరు పర్సు ఎక్కడ పెట్టుకుంటారు?"

కుడి వెనుక జేబులో నుండి తీసి ఇచ్చాను. పింఛను కార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు కార్డులు రెండు, ఇంటి దేవుని పటం, మూడేళ్ళనాటి మందుల చీట్లు అన్నీ కలిసి ముప్పావు అంగుళం మందం ఉన్నది. "దీని మీద ఐదు గంటలు కూర్చున్నారా?" అని అడిగింది. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. వెనుకజేబు సయాటికా అన్న పేరుతోనే 1974లో నేను పైన చెప్పిన పత్రికలోనే ఒక రచన వచ్చింది. అంటే నేను వైద్యం మొదలుపెట్టే నాటికే లోకానికి తెలిసిన సంగతి అది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నొప్పి వలన కాదు.

1980లలో నేను చుట్టూ చేనేత గ్రామాలున్న ఒక చిన్న పట్టణపు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేశాను. ఒకనాడు నలభై ఏళ్ళ నేతకారుడు కుంటుతూ వచ్చాడు. ఆయనది గుంటమగ్గం. గుంటమగ్గం చూడనివారికి చెబుతున్నాను. నేలలో త్రవ్విన గుంట అంచున పలక మీద కూర్చొని, కాళ్ళు గుంటలోకి వ్రేలాడదీసి, అడుగునున్న కర్రలను మార్చి మార్చి తొక్కుతూ నేస్తారు. రోజుకు పది గంటలు, పండుగ ముందైతే ఇంకా ఎక్కువ. "కూకుంటే పిర్రలో సలుపు డాక్టరు గారూ, తొడెనక నించి లాగుద్ది. లేచి నాలుగడుగులు తిరిగితే నెమ్మదిస్తది" అన్నాడు. నలభై ఏళ్ళ తరువాత నా వరండాలో నేను అనుకొన్న మాటలే అవి.

ఎక్స్ రే తీయించాను. పూసల అంచులు కొంచెం అరిగినట్లు కనిపించింది. నలభై దాటినవారిలో అది కనిపించకపోతే ఆశ్చర్యం. మూడు వారాలు చెక్కబల్ల మీద పడుకోమన్నాను. అప్పటి వైద్యం అదే. మంచం మీద ఎక్కువ రోజులు పడుకొంటే మేలు ఏమీ లేదని, రెండు రోజుల విశ్రాంతి ఏడు రోజుల విశ్రాంతికి ఏమీ తీసిపోదని నడుము నొప్పి రోగులపై 1986లో పరిశోధన వచ్చినా అది మా ఊరికి చేరడానికి చాలా కాలం పట్టింది. అంతటితో ఆగలేదు. "వెన్నుపూస అరిగిపోయింది. మగ్గం మానెయ్యి, లేకపోతే కాలు పడిపోతుంది" అన్నాను. ఆయనను బోర్లా పడుకోబెట్టలేదు. పిరుదు మీద చేయి వేయలేదు. ఆనాటి ఓ.పి.లో నూరుమందికి పైగా ఉన్నారు. అది కారణమే గాని సమర్థన కాదు.

ఏడాది తరువాత ఆయన భార్య బిడ్డకు జ్వరమని తీసుకొనివచ్చింది. మగ్గం అమ్మేశారట. ఆయన దూరాన ఒక మిల్లులో రాత్రి కాపలా పనికి కుదిరాడట. ఆమె, పెద్దపిల్ల ఇంట్లో కూలికి నూలు చుడుతున్నారట. "తమరు చెప్పబట్టి ఆయన కాలు దక్కింది బాబూ" అని నాకు దండం పెట్టింది. నేను ఆ దండాన్ని స్వీకరించాను.

ఆయనకు ఉన్నది పిరిఫార్మిస్ బాధేనని ఇప్పుడు నేను రూఢిగా చెప్పలేను. డిస్కే కావచ్చును. కాని తెలుసుకొనే అవకాశం నాకు అరచేతి దూరంలో ఉన్నది, నేను తెలుసుకోలేదు. పలక మీద నాలుగు మడతల దుప్పటి, గంటకొకసారి లేవడం, రోజుకు పది నిమిషాల వ్యాయామం సరిపోయి ఉండేవేమో. అప్పుడు ఆ మగ్గం ఆ ఇంట్లోనే ఉండేది.

కనుక పాఠకులకు నా మనవి. మీకు పిరుదులో లోతైన నొప్పి ఉండి, కూర్చొన్నపుడు ఎక్కువై నడిస్తే తగ్గుతూ, నడుములో నొప్పి అంతగా లేకుండా, దగ్గినా తుమ్మినా కాలికి లాగకుండా ఉంటే, ఆ మాటలను అదే వరుసలో వైద్యునికి చెప్పండి. ఎం.ఆర్.ఐ. నివేదికను మాత్రం తరువాత ఇవ్వండి. ఈ బాధను ఖాయంగా తేల్చే పరీక్ష ఏదీ లేదు. రోగి మాట, వైద్యుని చేయి, ఇతర కారణాలు లేవని నిర్ధారించుకోవడం, ఈ మూడూ కలిస్తేనే నిర్ణయం.

అయితే ఈ వ్యాసం చదివి ప్రతి కాలినొప్పినీ కండరం మీదకు నెట్టితే నేను చేసిన తప్పునే మీరు తలక్రిందులుగా చేసినట్లు అవుతుంది. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ తగ్గినా, రెండు కాళ్ళూ బలహీనపడుతున్నా ఆ రోజే, ఆ గంటే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. వెన్నుపాము దిగువనున్న నరాల కట్ట నలుగుతున్నదని దాని అర్థం, ఆలస్యమైతే పోయిన శక్తి తిరిగి రాకపోవచ్చును. పాదం ఎత్తలేక చెప్పు జారిపోతున్నా ఆలస్యం చేయరాదు. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే మన దేశంలో వెన్నెముక క్షయను తప్పక తలచుకోవాలి. లోగడ క్యాన్సరు వచ్చినవారు కూడా ఉపేక్షించరాదు. ఇరవై, ముప్పయి ఏళ్ళ యువకులకు తెల్లవారుజామున పిరుదులు బిగుసుకొని, కదలిన కొలదీ వదులవుతుంటే అది త్రికాస్థి కీళ్ళవాతం కావచ్చును, దాని వైద్యం వేరు.

నా విషయంలో మొదటి చికిత్స పర్సును చొక్కా జేబులోకి మార్చడం. రెండవది కుర్చీలో మెత్త వేసుకొని, నలభై నిమిషాలకు మించి ఒకే బిగిన కూర్చోకపోవడం. కాలుమీద కాలు వేసుకొని కూర్చోవడం, చాలాసేపు బాసింపట్టు వేసుకొని కూర్చోవడం కొన్ని వారాలు మానుకొన్నాను. పూజలో పీట బదులు కుర్చీ వేసుకొంటే భగవంతుడు ఏమీ అనుకోలేదు. వేడినీళ్ళ సంచితో పదిహేను నిమిషాల కాపడం కండరాన్ని వదులు చేస్తుంది. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారు వేడిని ముందుగా ఇతరుల చేత చూపించుకోవాలి. కాలిన బొబ్బలతో వచ్చినవారిని చాలామందిని చూశాను.

అసలు పని వ్యాయామానిది. వెల్లకిల పడుకొని రెండు మోకాళ్ళూ మడవండి. కుడివైపు నొప్పి అయితే కుడి మోకాలిని ఎడమ చేతితో పట్టి ఎడమ భుజం వైపుకు మెల్లగా లాగండి. పిరుదులో సాగుతున్నట్లు తెలిసినచోట ఆగి, ఊపిరి బిగపట్టకుండా ఇరవై నుండి ముప్పయి సెకన్లు ఉంచండి. మూడుసార్లు చేయండి, రోజుకు రెండు పూటలా. క్రింద పడుకొని లేవలేని పెద్దలు కుర్చీలో కూర్చొనే చేయవచ్చును. నొప్పి ఉన్న కాలి చీలమండను రెండవ మోకాలిపై పెట్టి, వీపు వంచకుండా నడుము నుండి ముందుకు వాలితే చాలు. పిరుదులో సాగుడు తెలిస్తే మంచిదే. పాదంలోకి తిమ్మిరి, మంట దిగితే ఎక్కువ లాగుతున్నారని గుర్తు, తగ్గించాలి. తుంటి కీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగినవారు శస్త్రవైద్యుని అడగకుండా ఈ వ్యాయామాలు చేయనే కూడదు. మోకాలిని అవతలి భుజం వైపుకు లాగితే వారి కృత్రిమ కీలు జారే ప్రమాదం ఉన్నది. యూట్యూబులో ఈ ముక్క చెప్పేవారు తక్కువ.

నొప్పి సగం తగ్గిన తరువాత పిరుదు కండరాలకు బలం చేకూర్చాలి. వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తి అయిదు లెక్కపెట్టి దించడం, ప్రక్కకు పడుకొని మోకాళ్ళు మడిచి పైమోకాలిని మాత్రం తలుపు తెరచినట్లు ఎత్తడం, ఇవి చాలు. పెద్ద కండరాలు సోమరులైతే వాటి పని చిన్న కండరం మీద పడి అది బిగుసుకొంటుంది. ఇంటిలో కూడా ఇలా జరగడం మనకు తెలిసినదే.

మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కొద్దిరోజులు పారాసిటమాల్, అవసరమైతే వైద్యుడు వ్రాసిన నొప్పి మాత్రలు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు కొనరాదు. బి 12 సూదిమందు ఆ విటమిను కొరవడినవారికే పనిచేస్తుంది, నరాలకు బలమని అందరికీ గుచ్చవలసినది కాదు. ఆరు నుండి పన్నెండు వారాల శ్రద్ధగల వ్యాయామానికీ లొంగకపోతే అల్ట్రాసౌండ్ సాయంతో కండరంలోకి మత్తుమందు, స్టిరాయిడ్ ఎక్కించే పద్ధతి ఉన్నది. శస్త్రచికిత్స బహు కొద్దిమందికే.

సూది మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. పిరుదు నొప్పి అని వెళితే నొప్పి ఉన్న పిరుదులోనే సూది వేసే అలవాటు పల్లెలలో ఇంకా పోలేదు. పిరుదులో సూది వేయదగినది పైభాగాన బయటి మూల మాత్రమే. దిగువన గాని లోపలి వైపున గాని వేస్తే తుంటి నరానికి తగిలి పాదం పడిపోవచ్చును. జ్వరానికి సూది వేయించుకొని పాదం ఈడుస్తూ వచ్చిన పసిపిల్లలను నా ఉద్యోగకాలంలో చూశాను. ఆ తల్లులకు ఏమి చెప్పాలో తెలిసేది కాదు. అవసరం లేని సూదిని వద్దని చెప్పే హక్కు మీకున్నది.

నాకు రెండు వారాలకు నిద్ర, ఆరు వారాలకు నడక, మూడు నెలలకు ప్రయాణం తిరిగి వచ్చాయి. డిస్కు మాత్రం ఉబ్బినట్లే ఉన్నది, నేను దాని జోలికి పోలేదు. ఈ రెండేళ్ళలో నొప్పి రెండుసార్లు తిరగబెట్టింది. రెండుసార్లూ వ్యాయామం మానిన తరువాతనే. రెండవసారి మా ఫిజియోథెరపిస్టు అమ్మాయికి ఫోను చేస్తే, "పర్సు ఎక్కడుంది సార్?" అనే మొదట అడిగింది. చొక్కా జేబులోనే ఉన్నదని చెప్పాను. "అయితే వ్యాయామం మానేశారన్న మాట" అన్నది. అబద్ధం చెప్పలేకపోయాను.